చెరిపినకొద్దీ అరిగే పలక

కరెంటు లేకుండానే ఏళ్ల తరబడి విషయాలను గుర్తుంచుకునే వస్తువు ఒకటి మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటుంది. సెల్‌ఫోనును పూర్తిగా ఆపివేసి, వారం రోజుల తరువాత మళ్లీ వెలిగించి చూడండి. తీసుకున్న ఫొటోలు, దాచుకున్న పాటలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవుకైతే అసలు బ్యాటరీయే లేదు. నెలల తరబడి బీరువాలో పడి ఉన్నా, కంప్యూటరుకు తగిలించగానే దాచినవన్నీ అప్పజెబుతుంది.

"ఇందులో వింతేముంది?" అంటారేమో! అదే ఫోనులో, లెక్కలు చేసుకునేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే మెమొరీ చిప్పు వేరే ఉంది. అందులో రాసిన ప్రతి అంకెనూ సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి. కరెంటు పోయిందా, అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మరి ఫొటోలను దాచే చిప్పుకు అష్టావధానిని మించిన ఈ ధారణ ఎలా వచ్చింది? అది నిజంగా ఎన్నటికీ మరచిపోదా? ఈ చిప్పు పేరు ఫ్లాష్ మెమొరీ. దానికి గుర్తుంచుకోవడం కన్నా చెరపడమే పెద్ద సమస్య. ఆ కథేమిటో చూద్దాం.

రాగిరేకు కావాలి, పలకా కావాలి

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచారు. కొన్ని వందల ఏళ్లు గడిచినా ఆ అక్షరాలు నిలిచాయి. కాని రాగిరేకు మీద ఒక అక్షరం మార్చాలంటే వీలుకాదు. బడిలో పలక సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తడిగుడ్డతో తుడిస్తే చాలు, కొత్త పాఠానికి సిద్ధం. కాని ఎవరి మోచెయ్యి తగిలినా రాసింది చెరిగిపోతుంది.

ఈ రెండు మంచి గుణాలూ కలిసిన వస్తువు కంప్యూటరు ఇంజనీర్లకు కావలసి వచ్చింది. రాసింది రాగిరేకులా నిలవాలి, అవసరమైనప్పుడు పలకలా చెరగాలి.

దీనికి దారి చూపినవారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రజ్ఞులు. 1967లో వారు ఒక కొత్త రకం ట్రాన్సిస్టరును ప్రతిపాదించారు. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ ఈ ఆలోచన మీద ఆధారపడిన మెమొరీ చిప్పును తయారుచేశాడు. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. చెరపాలంటే చిప్పును ఊడదీసి, ఆ కిటికీ గుండా అతినీలలోహిత కిరణాలను కొన్ని నిమిషాలపాటు ప్రసరింపజేయవలసి వచ్చేది.

ఆ తరువాత జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా, చిప్పులోని పెద్ద భాగాన్ని విద్యుత్తుతోనే ఒక్క దెబ్బలో చెరిపే పద్ధతి కనిపెట్టి 1984లో ప్రకటించాడు. కెమెరా ఫ్లాష్ తళుక్కుమన్నంతలో చెరిగిపోతోంది కాబట్టి దీనికి ఫ్లాష్ అని పేరు పెడదామని ఆయన సహోద్యోగి షోజీ అరిజుమి సూచించాడు. అంటే ఫ్లాష్ అనే పేరు రాయడం వల్లనో చదవడం వల్లనో రాలేదు. చెరపడం వల్ల వచ్చింది!

తలుపులు లేని గది

ఇప్పుడు చిప్పులోకి తొంగి చూద్దాం. అందులో కోట్లాది చిన్న చిన్న గదులు ఉంటాయి. ఒక్కొక్క గది చుట్టూ సిలికాన్ డయాక్సైడు గోడ. మన ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థమే ఇది, మంచి విద్యుద్బంధకం. గదికి తలుపు లేదు, కిటికీ లేదు, ఏ తీగతోనూ సంబంధం లేదు. లోపల చేరిన ఎలక్ట్రానులు బయటకు రాలేవు. కరెంటు ఉన్నా లేకపోయినా వాటికి ఒకటే. అందుకే రాత నిలిచిపోతుంది. నలువైపులా బంధకం మధ్య తేలుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఈ గదికి ఫ్లోటింగ్ గేటు అని పేరు.

గదిలో ఎలక్ట్రానులు ఉంటే 0, ఖాళీగా ఉంటే 1 అని లెక్క. గది తెరవకుండా లోపల ఏముందో తెలిసేదెలా? గదికి కిందుగా విద్యుత్తు ప్రవహించే సన్నని దారి ఉంటుంది. ఎలక్ట్రానులు ఒకదానినొకటి వికర్షిస్తాయని మీరు చదువుకున్నారు కదా! పైగదిలో ఎలక్ట్రానులు నిండి ఉంటే కింది దారిలో పోయేవాటిని అడ్డగిస్తాయి. గది ఖాళీగా ఉంటే దారి సుగమం. కింద ప్రవాహం ఉందో లేదో చూస్తే చాలు, పైన ఏముందో తెలిసిపోతుంది.

సరే, తలుపే లేని గదిలోకి ఎలక్ట్రానులు వెళ్లేదెలా? ఇక్కడే ప్రకృతి చేసే ఒక చమత్కారం అక్కరకు వస్తుంది. గోడ చాలా పలుచనైతే, బలమైన విద్యుత్ క్షేత్రం ఉంటే, కొన్ని ఎలక్ట్రానులు గోడ ఎక్కకుండా, గోడను పగలగొట్టకుండా అవతల ప్రత్యక్షమవుతాయి. దీనినే టన్నెలింగ్, అంటే సొరంగ ప్రభావం అంటారు. ఈ గోడ మందం 10 నానోమీటర్లకు మించదు. తల వెంట్రుక మందంలో ఇది సుమారు పదివేలవ వంతు! చిప్పుకు బయటినుంచి అందేది 3 వోల్టులే అయినా, లోపలి ఏర్పాట్లు దానిని సుమారు 20 వోల్టులకు పెంచుతాయి. ఆ వోల్టేజిని ఒకవైపు ప్రయోగిస్తే ఎలక్ట్రానులు లోపలికి పోతాయి, అది రాయడం. తిరగవేసి ప్రయోగిస్తే బయటకు వస్తాయి, అది చెరపడం.

ఈనాటి చిప్పులలో చాలావాటిలో గదికి బదులు, ఎలక్ట్రానులను పట్టి ఉంచే సిలికాన్ నైట్రైడు పొర ఉంటుంది. గదులను మేడ మీద మేడగా వందకు పైగా అంతస్తులలో కూడా కడుతున్నారు. సూత్రం మాత్రం ఇదే.

ఒక్క అక్షరం కోసం పలకంతా

గదులన్నింటినీ వరుసలుగా పేర్చారు. కొన్ని వేల అక్షరాలు పట్టే వరుసను పేజీ అంటారు. అలాంటి పేజీలు పదుల నుంచి వందల వరకు కలిస్తే ఒక బ్లాకు. రాసేటప్పుడు ఒక్కొక్క పేజీ చొప్పున రాయవచ్చు. చెరిపేటప్పుడు మాత్రం బ్లాకు మొత్తం ఒక్కసారిగా చెరపవలసిందే. ఒక్క పేజీని విడిగా చెరపడం కుదరదు.

ఎందుకలా? బ్లాకులోని గదులన్నింటికీ కింద సిలికాన్ పునాది ఒక్కటే. చెరిపే వోల్టేజిని ఆ పునాదికే ఇస్తారు. ప్రతి గదికీ విడివిడిగా చెరిపే తీగలు లాగితే చిప్పులో స్థలమంతా తీగలకే సరిపోతుంది. చవకగా ఎక్కువ గదులు కావాలంటే ఈ ఇబ్బందికి ఒప్పుకోక తప్పదు.

కాలం లెక్క కూడా చూడండి. పేజీని చదవడానికి సెకనులో లక్షో వంతులు కొన్ని చాలు. రాయడానికి అంతకు చాలా రెట్లు ఎక్కువ పడుతుంది. బ్లాకును చెరపడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. మనకు అది రెప్పపాటు కన్నా తక్కువే. కంప్యూటరుకు మాత్రం యుగం!

మరి ఫైలులో ఒక్క మాట మారిస్తే ఏమి చేయాలి? ఆ మాట ఉన్న బ్లాకులో 64 పేజీలు ఉన్నాయనుకోండి. ఆ బ్లాకును చెరిపి తిరిగి రాయాలంటే మిగిలిన 63 పేజీలను ముందుగా వేరేచోట దాచాలి. ఒక్క మాటకు ఇంత చాకిరీనా? పైగా మధ్యలో కరెంటు పోతే ఉన్నది కూడా పోతుంది.

చిప్పులోని కరణం

అందుకే ప్రతి పెన్‌డ్రైవులో, ప్రతి ఫోనులో, మెమొరీ చిప్పు పక్కన కంట్రోలరు అనే ఇంకొక చిన్న కంప్యూటరును పెడతారు. వెనుకటి రోజుల్లో మన గ్రామాలలో కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఏ పొలం సాగులో ఉందో, ఏది బీడుగా ఉందో ఆయన చిట్టాలో ఉండేది. కంట్రోలరు సరిగ్గా అలాంటి ఉద్యోగమే చేస్తుంది. ఏ ఫైలులోని ఏ ముక్క ఏ పేజీలో ఉందో చిట్టా రాసుకుంటుంది.

మీరు ఒక మాట మార్చినప్పుడు కంట్రోలరు పాత పేజీ జోలికి పోదు. కొత్త సంగతిని వేరే ఖాళీ పేజీలో రాస్తుంది. చిట్టాలో చిరునామా మార్చి, పాత పేజీ "చెల్లదు" అని గుర్తు పెట్టుకుంటుంది. అంటే ఒకే ఫైలు చిప్పులో ఊళ్లు మారుతూ తిరుగుతూ ఉంటుంది. మనకు మాత్రం ఉన్నచోటనే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇలా పోగా పోగా చెల్లని పేజీలు పేరుకుపోతాయి. ఖాళీలు తగ్గిపోతాయి. అప్పుడు కంట్రోలరు పాకీపనికి దిగదు, ముందు ఎంపిక చేస్తుంది. ఒక బ్లాకులోని 64 పేజీలలో 50 చెల్లనివి, 14 పనికివచ్చేవి ఉన్నాయనుకోండి. ఆ 14ను కొత్త బ్లాకుకు తరలించి, పాత బ్లాకును మొత్తంగా చెరిపివేస్తుంది. ఎక్కువ చెత్త ఉన్న బ్లాకును ఎంచుకుంటే తక్కువ మోత, ఎక్కువ లాభం. ఈ పని మీరు ఫోనును పక్కన పెట్టినప్పుడు కూడా జరుగుతూ ఉంటుంది. చిప్పు నిండిపోవస్తే తరలించడానికి చోటు చాలక ఫోను మందకొడిగా తయారవుతుంది. కొంత జాగా ఖాళీగా ఉంచమని చెప్పేది ఇందుకే.

అరుగుదల లెక్క

ఇంతవరకూ చెప్పింది శ్రమ సంగతి. అసలు ప్రమాదం వేరే ఉంది. ఎలక్ట్రానులు గోడలో దూరి వెళ్లిన ప్రతిసారీ గోడకు కొద్దిపాటి దెబ్బ తగులుతుంది. కొన్ని ఎలక్ట్రానులు గోడలోనే చిక్కుకుపోతాయి. వేలసార్లు రాసి చెరిపిన తరువాత గోడ బలహీనమై ఎలక్ట్రానులను సరిగా నిలుపుకోలేదు. ఆ బ్లాకు ఇక పనికిరాదు.

ఒక గదిలో ఒక్క బిట్టు, అంటే 0 లేదా 1 మాత్రమే, దాచే చిప్పులు సుమారు లక్షసార్లు చెరిపినా తట్టుకుంటాయి. కాని అవి ఖరీదు. అందుకని ఒకే గదిలో 3 బిట్లు ఇరికిస్తున్నారు. దీనికి గదిలో 8 మట్టాలను గుర్తించగలగాలి. నిండు కుండకు, ఖాళీ కుండకు తేడా ఎవరైనా చెబుతారు. కుండలో ఎనిమిది గీతలు గీసి, నీరు ఏ గీత దగ్గర ఉందో చెప్పమంటే కాస్త ఆవిరైనా లెక్క తప్పుతుంది కదా! ఇలాంటి చిప్పులు తట్టుకునేది కొన్ని వేలసార్లు మాత్రమే.

ఒక లెక్క చేద్దాం. చిప్పులో 1000 బ్లాకులు ఉన్నాయి. ఒక్కొక్కటి 3000 సార్లు చెరిపితే అరిగిపోతుంది. నిమిషానికి ఒక బ్లాకు చొప్పున చెరపవలసి వస్తోంది. ఎప్పుడూ ఒకే బ్లాకును చెరిపితే 3000 నిమిషాలలో, అంటే 2 రోజుల 2 గంటలలో, అది చచ్చిపోతుంది. అలాకాక 1000 బ్లాకులనూ వంతులవారీగా వాడితే? 3000 × 1000 = 30 లక్షల నిమిషాలు. అంటే సుమారు 5 సంవత్సరాల 8 నెలలు! చిప్పు అదే, గోడలు అవే. వంతులు వేసుకున్నందుకే రెండు రోజుల ఆయువు అయిదేళ్లు దాటింది.

అందుకే కంట్రోలరు ఏ బ్లాకును ఎన్నిసార్లు చెరిపిందో లెక్క ఉంచుతుంది. తక్కువ అరిగిన బ్లాకుకు ముందు పని చెబుతుంది. ఎన్నడూ మారని పాత ఫొటోలు ఒక బ్లాకులో హాయిగా కూర్చుంటే, వాటిని లేపి అరిగిన బ్లాకుకు పంపి, ఆ కొత్త బ్లాకును పనిలోకి దించుతుంది. చెడిపోయినవాటి స్థానంలో వాడడానికి కొన్ని బ్లాకులను మొదటినుంచీ విడిగా ఉంచుతుంది.

ఈ లెక్క కాగితం మీదిది మాత్రమే కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో టెస్లా కంపెనీ తన కార్లలో సుమారు 1,35,000 కార్లను మరమ్మతుకు వెనక్కు పిలవవలసి వచ్చింది. వాటి తెర వెనుక ఉన్న 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు 3000 సార్లు చెరిపితే అరిగిపోయే రకం. కారు వాడకంలో రోజుకు సగటున 1.4 సార్లు చొప్పున చెరపడం జరుగుతోంది. 3000ను 1.4తో భాగించి చూడండి. ఆరేళ్లలోపే! చిప్పు అరిగాక, కారు వెనక్కు నడిపేటప్పుడు వెనుకనున్నవారిని చూపే కెమెరా బొమ్మ తెర మీదికి రాకుండా పోయేది. కంటికి కనిపించని గోడ అరగడం వల్ల మనుషుల ప్రాణాలకే ముప్పు వచ్చే పరిస్థితి ఏర్పడింది.

మసకబారే రాత

చెరపకుండా ఊరకే ఉంచితే రాత శాశ్వతమేనా? కాదు. గోడ ఎంత మంచిదైనా ఎలక్ట్రానులు ఒకటీ అరా జారిపోతూనే ఉంటాయి. అరిగిన గోడనుంచి మరింత వేగంగా జారతాయి. వేడి ఎక్కువైతే ఇంకా వేగం. కంప్యూటర్లలో వాడే ఫ్లాష్ డ్రైవులకు అంతర్జాతీయంగా ఒక ప్రమాణం ఉంది. ఆయువంతా వాడిన డ్రైవు కూడా కరెంటు లేకుండా, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక సంవత్సరం పాటు విషయాలను నిలుపుకోవాలి అని. కొత్త డ్రైవు అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. కాని ఆ 30 డిగ్రీలు అన్నమాట గమనించారా? మన రెంటచింతల ఎండలకు ఆ లెక్క వర్తించదు.

మసకబారిన రాతను కాపాడడానికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది తప్పులు దిద్దడం. మీ మాస్టారు మార్కుల రిజిస్టరులో ప్రతి వరుస చివరా, ప్రతి నిలువు గడి కిందా మొత్తాలు వేస్తారు. ఒక్క అంకె చెరిగితే, ఏ అడ్డు వరుస, ఏ నిలువు వరుస మొత్తం తప్పిందో చూసి ఆ అంకెను తిరిగి రాబట్టవచ్చు. కంట్రోలరు కూడా ప్రతి పేజీతో పాటు ఇలాంటి సాక్షి అంకెలను రాస్తుంది. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన పద్ధతి ఈ విద్యకు పునాది. కాని తప్పులు ఒక హద్దు దాటితే సాక్షులు కూడా ఏమీ చేయలేవు.

రెండవది, ఆ హద్దు దాటకముందే తిరగరాయడం. ఇంజనీర్లు దీనినే రిఫ్రెష్ అంటారు. తాటాకు గ్రంథాలు పురుగు తిని శిథిలమవుతుంటే, అవి పూర్తిగా పోకముందే కొత్త ఆకుల మీద నకలు తీసేవారు. 19వ శతాబ్దంలో కడపలో సి.పి. బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించి చేయించింది ఇదే పని. రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధప్రతి తీయించడం. కంట్రోలరు కూడా పాతబడిన బ్లాకును చదివి, తప్పులు దిద్ది, కొత్త బ్లాకులో శుద్ధప్రతి రాసి, పాతదాన్ని చెరుపుతుంది.

2013లో శామ్‌సంగ్ కంపెనీ 840 ఎవో అనే డ్రైవును విడుదల చేసింది. 2014లో వాడకందారులు ఒక వింత గమనించారు. కొత్తగా రాసిన ఫైళ్లు చకచకా తెరుచుకుంటున్నాయి, నెలల కిందటివి మాత్రం నత్తనడక నడుస్తున్నాయి! గదులలోని మట్టాలు కొద్దిగా జారడంతో వాటిని మళ్లీ మళ్లీ చదవవలసి వస్తోంది. కంపెనీ మొదట చేసిన సవరణ చాలలేదు. 2015లో కంట్రోలరుకు కొత్త ఆదేశాలు ఇచ్చి, పాత విషయాలను అప్పుడప్పుడు తిరగరాసేలా ఏర్పాటు చేసింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, జాగ్రత్తగా ఆలోచించండి. తిరగరాయాలంటే ఒక బ్లాకును చెరపాలి. చెరిపితే గోడ అరుగుతుంది. గోడ అరిగితే రాత ఇంకా త్వరగా మసకబారుతుంది. అంటే మరీ తరచుగా తిరగరాస్తే చిప్పు చస్తుంది, మరీ అరుదుగా తిరగరాస్తే విషయం చస్తుంది. పత్యం, మందు రెండూ తూచి ఇచ్చే వైద్యుడిలా, ఎప్పుడు తిరగరాయాలో కంట్రోలరు తేల్చుకోవాలి. తప్పుల సంఖ్య, అరుగుదల, గడిచిన కాలం వంటివి చూసి ఆ నిర్ణయం జరుగుతుంది.

అంగారకుడి మీద మతిమరుపు

మరమ్మతు చేసేవాడు దగ్గరలో లేనిచోట చిప్పు ముసలిదైతే? అమెరికా పంపిన ఆపర్చునిటీ అనే యంత్రవాహనం 2004 జనవరిలో అంగారక గ్రహం మీద దిగింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నారు. అది పదేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. కాని 2014 ఆగస్టులో, ఒక్క నెలలోనే, దాని కంప్యూటరు పన్నెండుసార్లు తనంతట తాను ఆగి మొదలైంది. ఫ్లాష్ మెమొరీలో అరిగిపోయిన గదులే కారణమై ఉండాలని ఇంజనీర్లు అనుమానించారు.

కోట్లాది కిలోమీటర్ల దూరం నుంచి, సెప్టెంబరులో, వారు ఆ మెమొరీ మొత్తాన్ని చెరిపించి, చెడిన గదులకు గుర్తులు పెట్టించారు. అయినా మతిమరుపు తిరిగి వచ్చింది. అప్పుడు కొంతకాలం ఫ్లాష్‌ను వాడకుండానే బండి నడిపారు. కరెంటు పోతే మరచిపోయే తాత్కాలిక జ్ఞాపకంలోనే ఆ రోజు ఫొటోలు, కొలతలు ఉంచి, రాత్రి నిద్రపోయేలోగా వాటిని భూమికి పంపించారు. ఈ విధంగా సర్దుకుంటూ ఆపర్చునిటీ 2018 జూన్ వరకు మాట్లాడింది. చివరకు దానిని ఆపినది మెమొరీ కాదు, సూర్యకాంతిని కప్పివేసిన దుమ్ముతుఫాను.

మీరు చేయవలసినది

మీ దగ్గర అమ్మమ్మ గొంతు రికార్డు చేసినదో, అక్క పెళ్లి ఫొటోలో ఒక్క పెన్‌డ్రైవులోనే ఉన్నాయా? కరెంటు అందనంతకాలం కంట్రోలరు నిద్రపోతుంది. నిద్రపోయే కరణం తిరగరాయలేడు. కాబట్టి ముఖ్యమైనవాటికి కనీసం రెండు ప్రతులు, వేర్వేరు వస్తువులలో ఉంచండి. ఏడాదికోసారి కంప్యూటరుకు తగిలించి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, కొత్తగా నకలు తీయండి. ఎండలో నిలిపిన కారులో, పొయ్యి పక్కన పెట్టకండి. రాస్తుండగా చటుక్కున ఊడలాగకండి. కరణం చిట్టా మధ్యలో ఉండగా దీపం ఆర్పడమే అది!

చేసి చూడండి

కాగితం మీద 4 వరుసలు, వరుసకు 4 గళ్లు పెన్నుతో గీయండి. వరుస అంటే బ్లాకు, గడి అంటే పేజీ. 1 నుంచి 6 వరకు అంకెలను 6 గళ్లలో పెన్సిలుతో రాయండి. అవి మీ ఫైళ్లు. పాచిక వేయండి. ఏ అంకె పడితే ఆ ఫైలు మారిందన్నమాట. పాత గడిలో దానిని కొట్టివేసి, ఖాళీ గడిలో మళ్లీ రాయండి. ఖాళీ గళ్లు 4కు తగ్గగానే ఒక వరుసను ఎంచుకోండి. అందులో కొట్టివేయని అంకెలను ఖాళీ గళ్లకు మార్చి, ఆ వరుసను మొత్తంగా రబ్బరుతో చెరపండి. చెరిపిన ప్రతిసారీ వరుస చివర ఒక గీత పెట్టండి.

50 సార్లు పాచిక వేశాక గీతలు లెక్కపెట్టండి. నాలుగు వరుసలకూ ఇంచుమించు సమానంగా పడ్డాయా? అయితే మీరు మంచి కంట్రోలరు. ఒకే వరుసకు పడ్డాయా? కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూడండి. ఎక్కడ పలుచబడిందో, చిప్పు గోడ ఎలా అరుగుతుందో మీ కళ్లకే కనిపిస్తుంది.